సరిపోని సామాన్లు

సోఫియా, 3 ఫిబ్రవరి 2024

నెవెనా అక్కకి,

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెడదామనుకున్నాను. గొంతు క్యాన్సరు వార్డు నుంచి అలా రాస్తే నువ్వు ఉత్తరం చింపేస్తావు కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను. డాక్టర్ మినేవా నిన్న పొద్దున తేల్చి చెప్పేసింది. ముప్పై మూడు రోజులు కరెంటు పెట్టినా గడ్డ లొంగలేదు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలట. ఫిబ్రవరి ఇరవై ఆరున ఆపరేషన్. ఆ తర్వాత మెడలో ఒక రంధ్రం ఉంటుంది, దాంతోనే ఊపిరి. మాట ఉండదు.

ఏడవకు, నేను ముందే జాగ్రత్తపడ్డాను. నవంబరులో, గొంతు ఇంకా మనిషి గొంతులా ఉన్నప్పుడే, నా కంప్యూటర్ షాపులో కూర్చుని పన్నెండు వందల వాక్యాలు చదివి రికార్డు చేసి పెట్టుకున్నాను. వాటిని విని కంప్యూటర్ నా గొంతు నేర్చుకుంటుంది. ఆపైన నేను టైపు చేస్తే అది నాలా మాట్లాడుతుంది. ఆ డిస్కు నా షాపులో, బిస్కెట్ల రేకుడబ్బాలో, తువ్వాలు చుట్టి ఉంది. ఇంకో నకలు లేదు. పాత కంప్యూటర్ డిసెంబరులో చచ్చింది, ఇంత పనికి దాని శక్తి చాలదు కూడా. ఊరి ముసలాళ్ళకి మనవడి గొంతుతో ఫోను చేసి ఏడ్చి డబ్బు గుంజే దొంగలున్న రోజుల్లో నా గొంతు తీసుకెళ్ళి ఇంటర్నెట్లో పెట్టను. అందుకే ఇంట్లోనే ఒక బలమైన యంత్రం కట్టుకోవాలి.

మందుల వల్ల నా వేళ్ళకొసలు మొద్దుబారాయి. స్క్రూ పట్టుకుంటే పట్టుకున్నానో లేదో కూడా తెలియడం లేదు. నువ్వేమో పంతొమ్మిదేళ్ళు ప్లాంటులో తెల్లకోటు తొడుక్కుని డిస్కులు బిగించినదానివి. సామాన్లు నేను ఎంచి నీ ఇంటికి పంపిస్తాను, నువ్వు బిగించు.

ఒక్క షరతు. ఆ యంత్రం నా గొంతుతో పలకాలి, నేను వినాలి. రికార్డింగు చెడిపోయి ఉంటే మళ్ళీ చదవడానికి గొంతుండాలి కదా. అది విన్నాకే కత్తి అని డాక్టరమ్మకి చెప్పేశాను.

ఫోను చెయ్యకు, నన్ను మాట్లాడవద్దన్నారు. మెసేజీలు నీ కళ్ళకి ఆనవు. ఉత్తరాలే నయం, బొమ్మలు గీసి చూపించవచ్చు.

ఇప్పటికింకా గొంతున్న నీ తమ్ముడు,
రంగెల్


స్తారా జగోరా, 8 ఫిబ్రవరి

ఒరేయ్ రంగెల్,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివి, కూర్చుని చదివి, మళ్ళీ నిలబడ్డాను. చిక్కుడుగింజల పులుసు మాడిపోయింది. ఏడవకు అని రాస్తే ఏడుపు ఆగుతుందా? నాకు చాలా భయంగా ఉంది. అది చెప్పేసి పనిలోకి వస్తాను.

నువ్వు పంపిన మదర్‌బోర్డు, ప్రాసెసర్ వచ్చాయి. నీ షాపు తాళం తీసి, దుమ్ము తుడిచి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి విప్పాను. నువ్వేం కొన్నావురా? ప్రాసెసర్‌కి అడుగున సన్నటి కాళ్ళున్నాయి. వాటికి బోర్డు మీద రంధ్రాలుండాలి కదా, లేవు. బోర్డుకే ముళ్ళున్నాయి. ఒకదాని మీద ఒకటి పెడితే ముల్లుకు ముల్లు తగులుతుంది. నేను ప్లాంటు వదిలి ముప్పై మూడేళ్ళయింది, నాకే తెలిసిపోయింది. నువ్వు ఈ ఊళ్ళో సగం కంప్యూటర్లు కట్టినవాడివి. ఇలా ఎలా ఎంచావు?

నిజం చెప్పు. తలనొప్పి వస్తోందా? మాటలు మర్చిపోతున్నావా? ఆ జబ్బు తలకెక్కిందేమోనని నిన్నటి నుంచి అదే ఆలోచన. అందరూ అనుకునేట్టు గొంతు దగ్గర ఆగే జబ్బు కాదేమో ఇది.

బిస్కెట్ల డబ్బా భద్రంగా ఉంది. ఇంటికి తెచ్చుకుని, దుప్పట్ల మధ్య పెట్టుకున్నాను. నువ్వు చదివిన మొదటి వాక్యం ఏమిట్రా? అది తెలిస్తే యంత్రం పలకగానే నేను పోల్చుకోవచ్చు.

అక్క,
నెవెనా


సోఫియా, 12 ఫిబ్రవరి

అక్కా,

నా తల నిక్షేపంగా ఉంది. రెండు అంకెలు తారుమారు చేసి అమ్మినవాడి తప్పు అది. వాణ్ణి తిట్టాలంటే గొంతు దాచుకోవాలి కాబట్టి వదిలేశాను. బోర్డు వెనక్కి పంపి మారుద్దాం. పది పన్నెండు రోజులు పడుతుంది. తొందరేం లేదు.

ర్యామ్ పంపాను, ఈపాటికి వచ్చి ఉంటుంది. డాక్టరమ్మతో మాట్లాడి, అంటే కాగితం మీద రాసి చూపించి, ఆపరేషన్ మార్చి పదకొండుకి జరిపించాను. ఆవిడ నా కాగితం చదివి, కళ్ళజోడు తీసి, "మీకు కంప్యూటర్ ముఖ్యమా, కంఠం కింద ఉన్న మిగతా మనిషి ముఖ్యమా?" అంది. కంప్యూటరే అని రాశాను. పక్కమంచం ఇలియా నవ్వాడు. ఇలియాకి మొన్ననే ఆపరేషన్ అయింది. నవ్వితే చప్పుడు రాదు, మెడ దగ్గర గుడ్డ మాత్రం ఎగిరెగిరి పడుతుంది. ఆ గుడ్డ చూశాక నేను అన్నం ముట్టలేదు.

మొదటి వాక్యం ఏముందక్కా, వాతావరణం గురించో ఏదో. పన్నెండు వందల్లో ఒకటి ఎవడికి గుర్తుంటుంది?

తలకాయ బాగానే ఉన్న
రంగెల్


స్తారా జగోరా, 17 ఫిబ్రవరి

రంగెల్,

నిన్ను కొట్టాలని ఉంది, చేతికందేంత దూరంలో లేవు కాబట్టి బతికిపోయావు. పదకొండుకి జరిపించావా? ఎవర్నడిగి? నేను డాక్టర్ మినేవాకి ఫోను చేశాను. ఆవిడ నన్ను కసరలేదు, నాకు అదే ఎక్కువ భయం వేసింది. మెత్తగా మాట్లాడింది. "అమ్మా, మార్చి దాటితే నేను కత్తి పట్టుకుని ప్రయోజనం ఉండదు. మీ తమ్ముడు దేనికోసం ఆగుతున్నాడో దాన్ని త్వరగా కానివ్వండి," అంది. అంటే ఇప్పుడు నీ ప్రాణం నా స్క్రూడ్రైవరు మీద ఉంది. ఒక్కో సామాను సరిపోకపోతే ఒక్కో వారం పోతుంది, ఆ వారంలో నీ గడ్డ పెరుగుతుంది. నేను రాత్రీ పగలూ ఈ లెక్కే వేసుకుంటున్నాను.

వెనక్కి పంపితే పది పన్నెండు రోజులన్నావు కదా. నేను పొద్దున బస్సెక్కి ప్లోవ్‌దివ్ వెళ్ళి, అక్కడ క్రూమ్ అనే కుర్రాడి షాపులో నిలబడి బోర్డు మార్పించుకొచ్చాను. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చాను. ప్రాసెసర్ కాళ్ళు రంధ్రాల్లోకి దిగినప్పుడు వచ్చే ఆ మెత్తదనం నా వేళ్ళు మర్చిపోలేదు.

ర్యామ్ కూడా తప్పే. గాటు ఒకచోట, బోర్డు మీది గట్టు ఇంకోచోట. పాత తరానిదానికి కొత్త తరానిది కొన్నావు. క్రూమ్ అది చూసి, "ఎవరండీ ఇది ఎంచింది, కావాలని చేసినట్టుంది," అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "మా తమ్ముడు జబ్బుమనిషి, నోరు మూసుకో," అన్నాను. పాపం, కుర్రాడు ఊరికే మార్చి ఇచ్చాడు.

ఇంకో సంగతి. నీ షాపు తలుపు తీసి ఉండటం, లోపల దీపం వెలగడం, నేను నల్ల శాలువా కప్పుకుని కూర్చోవడం చూశారు వీధిలోవాళ్ళు. ఊళ్ళో ఎవరు పోయినా ఫోటోతో గోడలకి అంటించే చావు కాగితాలన్నీ అచ్చు వేసేది నీ షాపులోనే కదా. ఇప్పుడు నీ చావు కాగితం నేను వేస్తున్నానని అనుకున్నారు. కింది అంతస్తు త్సోనా, చచ్చినవాళ్ళ పేరున పంచే చక్కెర గోధుమలు గిన్నెడు ఉడికించి పట్టుకొచ్చింది. "దేవుడు వాణ్ణి మన్నించుగాక, ఫోటో ఏది వేస్తున్నావు?" అంది. బతికున్నవాడికి గోధుమలు తెస్తావా అని అరిచాను. గిన్నె నా చేతిలో పెట్టి ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. ఆ గోధుమలు పారెయ్యడానికి భయం, తినడానికి భయం. చివరికి పావురాలకి వేశాను.

మిగతావి త్వరగా పంపు. సరైనవి పంపు.

అక్క


సోఫియా, 22 ఫిబ్రవరి

అక్కా,

ఇంత త్వరగా అన్నీ మార్చేస్తావనుకోలేదు.

గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, పెట్టె పంపాను. గొంతు నేర్చుకునే పనంతా ఆ కార్డే చేస్తుంది కాబట్టి పెద్దదే ఎంచాను.

ఇక్కడ రోజులు బాగాలేవు. ఇలియా నిన్న దగ్గాడు. నోటితో కాదు, మెడతో. నర్సు పరుగెత్తుకొచ్చి గొట్టంతో లాగింది. అతను నా వైపు చూశాడు, చేత్తో ఏదో రాస్తున్నట్టు చూపించాడు. పలక ఇచ్చాను. "భయపడకు, అలవాటైపోతుంది" అని రాశాడు. ఆ నాలుగు ముక్కలు రాయడానికి అతనికి నిమిషం పట్టింది. అతను పెళ్ళిళ్ళలో పాటలు పాడేవాడట. నేను ఆ పలక తీసుకుని, "భయపడటం లేదు" అని రాసి ఇచ్చేశాను.

అబద్ధం రాశానక్కా. మింగుతుంటే గొంతులో గడ్డ తగులుతుంది, తగిలినప్పుడల్లా చెంచా పక్కన పెట్టేస్తున్నాను. నువ్వు పని నిదానంగా చెయ్యి. తొందరలో ఏదైనా విరిగితే మళ్ళీ మొదటికొస్తుంది.

రంగెల్


స్తారా జగోరా, 27 ఫిబ్రవరి

రంగెల్,

ఇందులో ఎర్రదారం తెల్లదారం పేనిన మార్తెనిత్సా పెట్టాను. ఏటా లాగే మార్చి ఒకటిన, ఆరోగ్యం కోసం, చేతికి కట్టుకో. ముడి నర్సు చేత వేయించుకో, నీ వేళ్ళతో అవదు.

కార్డు పొడుగెక్కువైంది. పెట్టె లోపల డిస్కులు పెట్టే అర దానికి అడ్డొస్తోంది, నాలుగు వేళ్ళ మేర బయటికి నిలబడింది. ఈసారి కొలతలు కూడా చూసుకోలేదు నువ్వు. వెనక్కి పంపితే ఇంకో వారం. నేనాగలేదు. గాలియా గుర్తుందా, ప్లాంటులో నా పక్క బల్ల? దాని మొగుడి ఇనుప రంపం అరువు తెచ్చాను. ఆ అర కోసేశాం, ఇద్దరం ముసలమ్మలం, ఒకళ్ళం పట్టుకుని ఒకళ్ళం కోస్తూ. అంచులు ఆకురాయితో రుద్ది, ఇనప రజను లోపల పడకుండా తడిగుడ్డతో తుడిచాను. ఇప్పుడు కార్డు దర్జాగా కూర్చుంది. మీట నొక్కితే పంకాలు తిరిగాయి, తెర వెలిగింది. గాలియా గంతేసింది, నేను కుర్చీలో కూలబడ్డాను.

ఇక డిస్కు ఒక్కటే. అర కోసేశాం కదా, డిస్కు పెట్టాల్సిన చోటు పెట్టె అడుక్కి మారింది, కొత్త పవర్ సప్లైతో వచ్చిన తీగ అక్కడిదాకా అందడం లేదు. నీ షాపు గోడకి మేకున వేలాడుతున్న పాత తీగల్లో పొడుగుది ఒకటి దొరికింది. కొస అచ్చం అదే, ఆరు రంధ్రాలు. నొక్కితే టక్కుమని దూరింది. మా ప్లాంటులో తప్పు తీగ తప్పు చోట దూరడమనేది ఉండేది కాదు, ఒక్కోదానికి ఒక్కో పన్ను, ఒక్కో గాటు. దూరిందంటే అది దానిదే. పంతొమ్మిదేళ్ళలో ఒక్క డిస్కు కూడా నా బల్ల మీద నుంచి తప్పు వెళ్ళలేదు.

ఇవాళ చీకటి పడింది. రేపు పొద్దున, వెలుతురులో, డబ్బా తెరిచి నీ డిస్కు తగిలిస్తాను. నీ గొంతు రేపు వింటాను. పదకొండో తారీకు దాకా కూడా ఆగక్కర్లేదు, డాక్టరమ్మని ముందుకి జరపమని చెప్పు.

అక్క


సోఫియా, 27 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం రాకుండానే ఇది రాస్తున్నాను, మనసు కుదురుగా లేక. రెండు విషయాలు.

ఒకటి, పవర్ సప్లైకి దానితో వచ్చిన తీగలే వాడు. నా షాపులో మేకుకి వేలాడేవి ముట్టుకోకు. పవర్ సప్లై వైపు కొసలు ఏ కంపెనీవైనా ఒకేలా ఉంటాయి, దూరతాయి కూడా. కానీ లోపల ఏ రంధ్రంలో ఎంత కరెంటు వస్తుందో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. చూడటానికి సరిపోయినట్టే ఉండి కాల్చేస్తాయి. అవి ఎప్పుడో పారెయ్యాల్సింది, బద్ధకించాను.

రెండు, యంత్రం తయారైనా సరే, డిస్కు మాత్రం నేను చెప్పేదాకా తగిలించకు. ఎందుకని అడక్కు.

రంగెల్


స్తారా జగోరా, 1 మార్చి

రంగెల్,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. నేను నిన్నగాక మొన్న పొద్దునే తగిలించేశాను.

ఎలా రాయాలో తెలియడం లేదు. మీట నొక్కాను. చిటుక్కుమని చిన్న చప్పుడు, అంతే. తర్వాత వాసన వచ్చింది. ప్లాంటులో ఆ వాసన వస్తే బల్ల బల్లంతా నిశ్శబ్దమైపోయేది, ఎవరిదా అని. ఇప్పుడు నాది. తీగ పీకేసి డిస్కు ముట్టుకుంటే కాలింది. తర్వాత కొత్త తీగతో, డిస్కు చేత్తో పైకెత్తి పట్టుకుని తగిలించి చూశాను. తిరగలేదు. రెండు రోజులుగా నీకు రాద్దామని కూర్చుంటున్నాను, కలం పట్టుకుంటే చెయ్యి రావడం లేదు. నీ గొంతును నేనే కాల్చేశాను రా. ఇన్నేళ్ళ పనితనం చూసుకుని మురిసి, నీ గొంతును నా చేతుల్తో కాల్చేశాను.

గాలియా వచ్చి చూసింది. కాలింది డిస్కు అడుగునున్న చిన్న బోర్డు మాత్రమే, లోపలి పళ్ళేలు బాగానే ఉండొచ్చు అంటోంది. అచ్చం ఇలాంటి డిస్కే ఇంకొకటి దొరికితే దాని బోర్డు తీసి దీనికి అతికించవచ్చు. రూసేలో ఒకాయన దగ్గర పాత డిస్కులు గుట్టలున్నాయని క్రూమ్ చెప్పాడు. కొండ మీద మంచు పడుతోంది, బస్సులు నడుస్తాయో లేదో తెలియదు. అయినా ఎల్లుండి బయల్దేరతాను. దొరకడానికి వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు.

ఒక్కటి బతిమాలుకుంటున్నాను. అది దొరికేదాకా ఆపరేషన్ ఆపమని మాత్రం అనకు. నీ గొంతా నీ ప్రాణమా అంటే ఆలోచించకుండా ప్రాణమే అంటాను. నన్ను అక్క కాదనుకో, ఇక ఉత్తరం రాయకు, సరేనంటాను. పదకొండున మాత్రం బల్లెక్కు.

నెవెనా


సోఫియా, 4 మార్చి

అక్కా,

రూసే వెళ్ళకు. వెళ్ళి ఉంటే ఈ ఉత్తరం నీకు ఆలస్యంగా అందుతుంది, దేవుడా, వెళ్ళి ఉండకూడదు. ఆ డిస్కులో ఏమీ లేదు.

మళ్ళీ చదువు. ఏమీ లేదు. నువ్వు కాల్చింది ఖాళీ డిస్కు.

నవంబరులో షాపులో కూర్చున్న మాట నిజం. మైకు పెట్టుకున్నాను. పన్నెండు వందల వాక్యాల జాబితా తెర మీద ఉంది. మొదటిది "ఈ రోజు నేను బాగానే ఉన్నాను." అది చదవబోయాను. నోరు తెరిచాను, గొంతు రాలేదు. జబ్బు వల్ల కాదు. అది చదివితే గొంతు పోతుందని ఒప్పుకున్నట్టే అనిపించింది. చచ్చేవాడు తన చావు కాగితానికి తానే ఫోటో ఎంచుకున్నట్టు. ఆ కాగితాలు ఎన్ని వందలు అచ్చు వేశానో నీకు తెలుసు. రోజూ కూర్చునేవాణ్ణి, రోజూ లేచిపోయేవాణ్ణి. నెల గడిచాక మైకు సర్దేశాను. డిస్కుకి తువ్వాలు చుట్టి డబ్బాలో పెట్టి, ఉందని అందరికీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే ఉందనిపించేది.

ఇక్కడికొచ్చాక కత్తి అన్నారు. నాకు పారిపోవాలనిపించింది. కంప్యూటర్ తయారు కానివ్వండి అని ఆ సాకు పట్టుకున్నాను. కాళ్ళున్న ప్రాసెసర్‌కి ముళ్ళున్న బోర్డు ఎంచింది నేనే, కావాలని. ర్యామ్ కావాలని. కార్డు ఎంత పొడుగో, పెట్టెలో ఎంత జాగా ఉందో, రెండూ చూసుకునే కొన్నాను. సరిపడేవి ఎంచడం నాకు ముప్పై ఏళ్ళ విద్య. సరిపడనివి ఎంచాలన్నా ఆ విద్యే కావాలి. ఒక్కటి సరిపోకపోయినా చాలు, యంత్రం పలకదు, ఆపరేషన్ ఉండదు అనుకున్నాను. నువ్వు బస్సులెక్కి మార్చుకొస్తావనీ, రంపం పెట్టి కోస్తావనీ నాకేం తెలుసు? ప్రతిసారీ నీ ఉత్తరం చదివి, ఈసారి ఏది తప్పు ఎంచాలా అని కూర్చునేవాణ్ణి. ఆ తీగల మాట ఒక్కటే నేను నిజంగా నీ మంచికోరి రాసింది. అది ఆలస్యమైంది.

పక్కమంచం ఇలియాకి నిన్న ఇదంతా రాసి చూపించాను. పలక మీద ఒక్కటే రాశాడు, "అక్కకి చెప్పు" అని.

నిన్న సాయంత్రం కోటు తొడుక్కుని గేటు దాకా వెళ్ళానక్కా. టాక్సీవాడు ఎక్కడికి అన్నాడు. చెప్పడానికి చోటు తోచక వెనక్కొచ్చాను. పదకొండున ఆ బల్ల ఎక్కగలనో లేదో నాకు తెలియడం లేదు. నువ్వు రెండు రోజులు ఏడ్చావని తెలిసీ ఇంకా నా గురించే రాస్తున్నాను, చూశావా.

ఏం చెయ్యమంటావో చెప్పు. నువ్వు చెప్పింది చేస్తాను.

రంగెల్


స్తారా జగోరా, 6 మార్చి

ఒరేయ్,

రూసే వెళ్ళలేదు, కొండదారి మూసేశారు. వెళ్ళి ఉంటే ఆ మంచులో నీ ఖాళీ డిస్కు కోసం కూరుకుపోయేదాన్ని. నీ మీద ఎంత కోపంగా ఉందో రాయడానికి ఈ కాగితం చాలదు. కోపం వెనకాల సంతోషంగా ఉంది, దాని వెనకాల మళ్ళీ భయం. గోధుమల గిన్నె తెచ్చిన త్సోనా మీద అరిచాను కదా, నిన్న వెళ్ళి క్షమించమన్నాను.

డాక్టరమ్మకి ఫోను చేశాను. "రేడియేషన్ తర్వాత మాట్లాడవద్దన్నారు కదా, మూడు రోజులు చదివించవచ్చా?" అని అడిగాను. "పదకొండున తీసెయ్యబోయే గొంతమ్మా, ఇంకా దాచుకుని ఏం చేస్తాడు? అరిగేదాకా వాడుకోమనండి," అంది. ఆవిడ చేత ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను. తర్వాత సరేనన్నాను.

రేపు పొద్దుటి బస్సుకి వస్తున్నాను. ఈ ఉత్తరం నాకన్నా ముందు వస్తుందో వెనక వస్తుందో. మైకు తెస్తున్నాను. నువ్వు చదువుతావు, నేను పక్కన కుర్చీలో కూర్చుంటాను. నోరు రాకపోతే మళ్ళీ చదువు అంటాను. మళ్ళీ రాకపోతే మళ్ళీ అంటాను. నీకు భయమని తెలుసు, నాకూ భయమే. భయపడుతూనే చదువు.

నెవెనా


స్తారా జగోరా, 2 ఏప్రిల్

రంగెల్,

గొట్టంతో కాకుండా చెంచాతో పెరుగు తిన్నావని డాక్టరమ్మ చెప్పింది. గడ్డ అంచులు శుభ్రంగా వచ్చాయని కూడా చెప్పింది. ఫోను పెట్టేసి త్సోనా ఇంటికి పరుగెత్తాను, చెప్పకుండా ఉండలేక.

ఇక నీ యంత్రం సంగతి. నువ్వు ఆపరేషన్ ముందురోజు కాగితం మీద రాసిచ్చిన పద్నాలుగు పనులూ, కొత్త డిస్కు కొని తగిలించడంతో మొదలుపెట్టి, వరసగా చేశాను. ఆ మూడు రోజుల్లో నువ్వు చదివిన నాలుగు వందల అరవై వాక్యాలూ దానికి ఇచ్చాను. రెండు రోజులు పంకాలు రొదపెట్టాయి. నిన్న ఆగాయి. టైపు చెయ్యమని తెర అడిగింది. నేను లేచి గిన్నెలన్నీ కడిగాను, నేల తుడిచాను, తుడిచిందే మళ్ళీ తుడిచాను. దాన్ని పలికించాలంటే అంత భయం వేసింది. చివరికి "అక్కా, ఉప్పు అందుకో" అని టైపు చేసి మీట నొక్కాను.

నువ్వేరా. గరగరమనే ఆ గొంతు, ముక్కుతో లాగే ఆ చివరిమాట, అంతా నువ్వే. నేను ఉప్పుడబ్బా కోసం చెయ్యి చాచాను, నిజంగా.

ఒక్క తేడా ఉంది. నువ్వు వాక్యం చదివే ముందు ప్రతిసారీ బెదిరిన పిల్లాడిలా ఒక్కసారి ఊపిరి పీల్చేవాడివి, గుర్తుందా? నేను మళ్ళీ చదువు అన్నా అనకపోయినా. యంత్రం అది కూడా నేర్చుకుంది. ఏం పలికించినా సరే, ముందు ఆ ఊపిరి పీలుస్తుంది. ఉప్పు అడగడానికి కూడా. అది వినగానే నువ్వేదో చెప్పబోతున్నావని నేను చేస్తున్న పని ఆపి నిలబడిపోతున్నాను. క్రూమ్‌ని అడిగితే ఆ చప్పుడు తీసెయ్యడం పెద్ద పనేమీ కాదు, అయిదు నిమిషాల్లో అయిపోతుందన్నాడు. నీ గొంతు కాబట్టి నిన్నడుగుతున్నాను. తీయించెయ్యనా?

అక్క


సోఫియా, 5 ఏప్రిల్

అక్కా,

తీయించకు. అలా నోటితో ఊపిరి పీల్చుకోవడం నాకు ఇక ఎప్పటికీ రాదు, ఉన్నది అదొక్కటే.

రంగెల్